అమావాస్య గడువు

మా అత్తగారు చెంచమ్మకి క్రెడిట్ కార్డు వాడకం నేనే నేర్పానని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. నేర్పడం కూడానా! నేను నోరు తెరిచేలోపే ఆవిడకి ముప్పాతిక తెలిసిపోయింది. మిగిలిన పాతిక దగ్గరే అత్తాకోడళ్లిద్దరం బోల్తా పడ్డాం.

మాది బాపట్ల. ఆవిడది నలభై ఏళ్ల చీరల వ్యాపారం. పేరాలలో నేతగాళ్ల దగ్గర చీరలు తెచ్చి తెనాలిలో, రేపల్లెలో ఇంటింటికీ తిరిగి అమ్మేది. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి మారేది. చంకలో మూట, చేతిలో టిఫిన్ డబ్బా. నేను కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో ఆవిడ మూట విప్పుతోందంటే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆ గంజి వాసన కోసం. ఇప్పటికీ కొత్త నేతచీర ముక్కుకి ఆనించుకుంటే నాకు ఆ రోజులే గుర్తొస్తాయి, ఏం చెయ్యను.

పేరాలలో తాతయ్య అని ఒకాయన ఉండేవాడు. పేరే తాతయ్య, చిన్నప్పుడూ అదే పేరు. పది మగ్గాలాయనవి. ఎన్ని చీరలైనా కాగితం ముక్క లేకుండా ఇచ్చేవాడు. ఒక్కటే కట్టుబాటు. అమావాస్యనాడు మగ్గాలకి సెలవు, లెక్కలు తేల్చుకునే రోజు. సరుకు ఎప్పుడు తీసుకెళ్లినా వచ్చే అమావాస్యకి డబ్బు అందాలి. వడ్డీ మాటే లేదు. అమావాస్య ముందురోజు తీసుకుంటే ఒక్కరోజే గడువు, మర్నాడు తీసుకుంటే నెల. మా అత్తగారు అమాయకురాలా? నలభై ఏళ్లూ అమావాస్య మర్నాడే వెళ్లింది.

ఎప్పుడైనా చేతిలో డబ్బు ఆడకపోతే, అమావాస్య రాకముందే వెళ్లి ఆయనకి ఎదురుగా నిలబడి చెప్పేది. "అన్నయ్యా, నాలుగు రోజులాగాలి." ఆయన "ముందు మజ్జిగ తాగమ్మా" అనేవాడు. అంతే. నాలుగో రోజుకి డబ్బు తీసుకుని మళ్లీ ఆ గుమ్మంలో ఉండేది. ఒకసారి నేనూ కూడా వెళ్లాను. ఆ మజ్జిగ ఎంత పుల్లగా ఉందో! అయినా ఆవిడ అమృతంలా తాగింది.

తాతయ్య పోయి మూడేళ్లయింది. కొడుకు పున్నారావు మగ్గాలు తీసేసి చీరాలలో షాపు పెట్టాడు. మంచివాడే, మర్యాద తెలిసినవాడే. "అత్తయ్యా, అరువు మాత్రం అడక్కండి. డబ్బన్నా ఇవ్వండి, కార్డన్నా గీకండి" అన్నాడు. ఆ రోజు ఆవిడ ఖాళీ చేతులతో తిరిగొచ్చి మంచం మీద కూలబడింది. అలా ఎప్పుడూ చూడలేదు నేను.

ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న బ్యాంకు వాళ్లే కార్డిచ్చారు. మెసేజ్‌లు నా ఫోన్‌కి వస్తాయి. నేను కాలేజీలో క్లర్కుని కాబట్టి చెప్పే బాధ్యత నాదే అయింది. పోయిన ఏడాది జూన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"అత్తయ్యా, ప్రతి నెలా ఇరవై ఐదున బిల్లు పడుతుంది. పై నెల పద్నాలుగులోపు కట్టాలి. ఇరవై ఆరున కొన్నారనుకోండి, అది ఆ తర్వాతి బిల్లులోకి పోతుంది. దగ్గర దగ్గర యాభై రోజులు వడ్డీ లేకుండా వాడుకోవచ్చు. ఇరవై నాలుగున కొంటే మాత్రం ఇరవై రోజులే."

ఆవిడ గోడమీద క్యాలెండర్ చూసింది. సరిగ్గా ఆ నెల ఇరవై ఐదునే అమావాస్య పడింది. ఆవిడ మొహం ఎలా వెలిగిందో!

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది మన అమావాస్య గడువే కదే. దీనికి ఇంత చదువెందుకు?"

నేను పకపకా నవ్వాను. ఏదో పోలిక చెబుతోందనుకున్నాను. అక్కడే ఆపి చెప్పాల్సింది, చెప్పలేదు. ఆవిడ పోలిక చెప్పలేదు. బ్యాంకు కూడా అమావాస్యకే లెక్క తేలుస్తుందని నమ్మేసింది.

జూన్ ఇరవై ఆరున కార్డు మీద పద్దెనిమిది వేల సరుకు తెచ్చింది. బాగా అమ్ముడైంది, డబ్బూ చేతికొచ్చింది. తర్వాతి అమావాస్య జులై ఇరవై నాలుగున వచ్చింది. మర్నాడు శుక్రవారం, శ్రావణం మొదటి రోజు. ఇంకేం, చీరాల వెళ్లి వరలక్ష్మీ వ్రతం చీరలు నలభై ఆరు వేలకి కార్డు గీకేసింది. తెనాలిలో, రేపల్లెలో పంచేసి, "డబ్బులు శ్రావణ అమావాస్యకివ్వండమ్మా" అని అందరికీ చెప్పేసింది. అదేమో ఆగస్టు ఇరవై రెండున.

ఆవిడ గీకింది ఇరవై ఐదున. ఆ రాత్రే బిల్లు పడింది. అమావాస్య తేదీ నెలనెలా వెనక్కి జరుగుతుంది, బ్యాంకు వాళ్ల ఇరవై ఐదు మాత్రం గోడకి కొట్టిన మేకు. సోమవారం గానీ నేను మెసేజ్ చూడలేదు. రెండు సరుకులూ కలిపి అరవై నాలుగు వేలు, ఆగస్టు పద్నాలుగులోపు. ఒక్కరోజు ఆగి కొనుంటే ఆ నలభై ఆరు వేలకీ సెప్టెంబరు పద్నాలుగు దాకా గడువుండేది.

"తేదీ చూసుకోవద్దా అత్తయ్యా! అమావాస్య ఏంటి, అమావాస్య!" అని అరిచాను. తప్పులో సగం నాదని తెలిసే అరిచాను. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

కట్టకపోతే ఏమవుతుందని ఆవిడ అడిగింది. కొంత కట్టి మిగతాది ఆపొచ్చు, కానీ కొన్న రోజు నుంచి వడ్డీ లాగుతారు, నెలకి మూడున్నర రూపాయల దాకా పడుతుందన్నాను.

"మూడున్నర రూపాయల వడ్డీనా! నా జన్మలో రూపాయి వడ్డీ కట్టలేదే."

"అయితే రేపల్లె సాయి సుధ టీచర్ గారికి ఫోన్ చెయ్యండి, నాలుగు చీరలు తీసుకున్నారుగా. అందరినీ ఎనిమిది రోజులు ముందివ్వమంటే ఏం పోతుంది?"

"అమావాస్య దాకా అని నేనే చెప్పానే. ఇచ్చిన గడువు వెనక్కెలా తీసుకుంటాను?"

"పోనీ నేను కడతాను. స్కూటీకని దాచుకున్నవి ఉన్నాయి."

"కోడలి జీతంతో వ్యాపారం చేసే ఖర్మ నాకింకా పట్టలేదు."

చురుక్కుమంది నాకు. ఇరవై రెండేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఒక్కనాడు నన్ను వంద రూపాయలు అడిగింది లేదు. పైవాళ్లకి గొప్పగానే ఉంటుంది. నాకు మాత్రం ఈ ఇంట్లో నేనింకా చుట్టాన్నేమో అనిపించేది.

ఆగస్టు పన్నెండున ఇస్త్రీ చీర కట్టుకుని బ్యాంకుకి బయల్దేరింది. వద్దన్నా వినలేదు. నేనూ వెంట వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఎదురుగా నిలబడి, "అమ్మా, నాకు ఎనిమిది రోజులు గడువు కావాలి. నలభై ఏళ్లలో ఎవరికీ ఎగ్గొట్టినదాన్ని కాదు" అంది.

ఆ పిల్ల లేచి కుర్చీ వేసింది, పాపం. "మా చేతుల్లో ఏమీ లేదండి. తేదీ దాటితే వడ్డీ దానంతటదే పడిపోతుందండి."

"మరి ఎవర్నడగాలి?"

"అడగడానికి ఎవరూ ఉండరు మామ్మగారూ."

బయటికొచ్చాక రోడ్డు మీద ఆగిపోయింది. "మూడున్నర రూపాయలు కాదే నా బాధ. ఎదురుగా నిలబడి చెప్పుకోవడానికి ఒక మనిషి లేకపోవడమేంటే, దుర్గా?" కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. తాతయ్య పోయినప్పుడు కూడా ఆవిడ ఇంత దిగులుపడలేదు.

ఆ సాయంత్రం నేను బియ్యం ఏరుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"దుర్గా, నలభై ఆరు వేలు కావాలి. అమావాస్య ఇరవై రెండున. ఆ రోజుకి ఇచ్చేస్తాను. ఇస్తావా?"

చేట పక్కన పెట్టి లేచాను. ఆవిడ నిలబడితే నేను కూర్చోగలనా? "ఇస్తానత్తయ్యా" అన్నాను. మర్నాడే బిల్లు మొత్తం కట్టేశాను.

ఇరవై రెండున తెనాలి, రేపల్లె తిరిగి మధ్యాహ్నం బండికి వచ్చింది. చెమట కూడా తుడుచుకోకుండా నోట్లు నా ముందు పెట్టింది.

"ఉంచండత్తయ్యా, మన ఇంట్లో డబ్బే కదా. పై నెల సరుక్కి పనికొస్తాయి."

కస్సుమంది. "నువ్వు తీసుకోకపోతే మళ్లీ నిన్ను ఏ మొహం పెట్టుకుని అడగనే? పట్టు. లెక్కపెట్టుకో."

లెక్కపెట్టుకున్నాను. ఆవిడ ఎదుటే, ఒక్కో నోటూ. ఆ తర్వాత ఇప్పటిదాకా నన్ను మూడుసార్లు అడిగింది.