రాళ్లమ్మ మలుపులో పొట్టి జాకీ

దెయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే నాకు ఒళ్లు మండిపోతుంది. ఘాట్ రోడ్డు మీద ఇన్నేళ్లు బండి నడిపినవాణ్ణి. పొగమంచులో తెల్లచీర ఆవిడ చెయ్యెత్తిందని చెప్పే డ్రైవర్లని "ముందు నోరు కడుక్కుని రండి, తర్వాత చెబుదురు గాని" అనేవాణ్ణి. ఇప్పటికీ అదే మాట మీదున్నాను. ఇక్కడ చెప్పేది మాత్రం నా చేతుల్తో నేను పట్టుకున్నది. తాగి లేను, నిద్రలో లేను, పట్టపగలు.

తొంభైల చివర్లో సంగతి. మాది ఎస్.కోట దగ్గర పల్లె. నేనూ మా తమ్ముడు అప్పన్నా కలిసి ఒక పాత జీపు కొని, అరకులోయ నుంచి లోపలి ఊళ్లకి సర్వీసు తిప్పేవాళ్లం. సంత రోజున మనుషులూ, పసుపు బస్తాలూ, కోళ్లూ అన్నీ ఒకే బండిలో. వానాకాలం ఆ మట్టిదారుల్లో బండి అడుగు రాళ్లకి తగులుతోందని పెద్ద టైర్లు వేయించాం. బండి బెత్తెడు ఎత్తు లేచింది.

ఇక పాత జాకీ అందదు. కొత్తది కొనుక్కురమ్మని అప్పన్నని విశాఖపట్నం పంపాను. వాడు భుజం మీద మోసుకొచ్చి నా ముందు దించాడు. ఎర్రగా, బొద్దుగా, చెంబంత ఉంది.

"లారీనైనా లేపేత్తాది అన్నియ్యా. షాపోడే సెప్పినాడు."

"లేపుతాది సరే. ఎంతెత్తు లేపుతాది?"

వాడు నా మొహం చూశాడు. ఆ ముక్క అడగలేదన్నమాట. జాకీకి టన్నులొక్కటే చూస్తే చాలదు. టైరులో గాలి పోయి బండి కుంగినప్పుడు కిందకి దూరాలి, గాలి నిండిన టైరు ఎక్కేదాకా పైకి లేవాలి. ఇదంతా తిట్లతో కలిపి బాగానే చెప్పాను. మార్చి తెద్దామనుకునేలోపు సంత వచ్చి పడింది. "కింద రాయెట్టుకుంటే సరిపోద్దిలే" అన్నాడు వాడు.

ఆ రోజు సంత నుంచి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం దాటింది. వాన ఆగి పొగమంచు దిగింది. ఒక మలుపులో వెనక టైరు తుస్సుమంది.

ఆ మలుపుని డ్రైవర్లం రాళ్లమ్మ మలుపు అంటాం. గుడీ లేదు, బొమ్మా లేదు. దారి పక్కన రాళ్ల కుప్ప, అంతే. అటుగా నడిచిపోయే కొండ జనం ఒక్కో రాయి వేసి, కొండ దాటించమని అమ్మకి దణ్ణం పెట్టుకుని పోతారు. ఎవరి తాతల నాటి నుంచో అలా వేస్తూనే ఉన్నారు.

జనం బండి దిగారు. వాళ్లు రిపేరు చూస్తూ కూర్చునే రకం కాదు. బుట్టలు నెత్తినెత్తుకుని నడక మొదలెట్టారు. అప్పన్న జాకీ కిందకి రాయి కోసం చూశాడు. చుట్టూ బురదే. బల్లపరుపు రాళ్లు ఆ కుప్పలోనే ఉన్నాయి. వెళ్లి రెండు తీసుకొచ్చాడు.

అందరికంటే వెనక నడుస్తున్న ఒక ముసలామె ఆగిపోయింది. "అయ్యెందుకు తీసినావు బావూ? అమ్మవి."

"మల్లీ ఎట్టేత్తాం లే, పెద్దమ్మా" అని నవ్వాడు అప్పన్న.

"ఎట్టకుండా ఎల్లిపోకండి" అని ఆమె కూడా మంచులోకి వెళ్లిపోయింది. ఇక మేమిద్దరమే మిగిలాం.

ముందు చక్రాలకి బండిలో ఉన్న చెక్కముక్కలు అడ్డం పెట్టాం. వెనక ఇరుసు కింద రాయి, రాయి మీద జాకీ. గాలి పోయిన చక్రం ఊడొచ్చింది. స్టెప్నీ ఎక్కించబోతే ఎక్కదు. జాకీ లేవాల్సినంతా లేచిపోయింది, ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు కావాలి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పన్న ఉపాయం చెప్పాడు. రెండో రాయి ఇరుసు కిందకి తోసి, బండిని దాని మీద దించి, కుప్పలోంచి ఇంకో రాయి తెచ్చి జాకీ కింద వేసి మళ్లీ లేపుదామని. "కిందకి దూరకురా, కర్రతో తొయ్యి" అన్నాను. వింటేనా! నడుం దాకా దూరిపోయాడు.

"అయిపోయింది అన్నియ్యా. ఒక్క తోపు."

అప్పుడు చూశాను. జాకీ కింద రాయి ఒక పక్కకి బురదలో దిగుతోంది. జాకీ నిలువుగా లేదు. నోరు తెరిచేలోపే టక్కుమని జాకీ ఎగిరొచ్చి నా కాలి దగ్గర పడింది.

వెనక బంపరు పట్టేసుకున్నాను. జీపుని మనిషి ఆపగలడా? ఆ క్షణంలో ఆ ఆలోచన ఎక్కడుంది? నా తమ్ముడు కింద ఉన్నాడు, అంతే తెలుసు.

బండి పడలేదు.

నలుగురు కలిసి మంచం ఎత్తినప్పుడు మన వంతు బరువు మన చేతికి తెలుస్తుంది చూడండి, అంతే బరువు. అంతకు మించి లేదు. పక్కన ఇంకా చేతులున్నట్టు, ఒకరు కాస్త పైకి లాగితే నా వైపు తేలికవుతోంది, మళ్లీ బరువవుతోంది. పక్కకి చూసే ధైర్యం లేదు. చూపంతా వాడి కాళ్ల మీదే. "బేగి రారా, బేగి రా" అని ఏడుస్తున్నట్టు అరిచాను.

వాడు ఒక మోచేతి మీద పాక్కుంటూ బయటపడ్డాడు. తల ఇవతలకి వచ్చిందో లేదో, బరువు మొత్తం ఒక్కసారిగా నా చేతుల్లోకి వచ్చింది. వదిలేశాను. చక్రం లేని ఇరుసు చివరి బ్రేకు డ్రమ్ము వచ్చి బురదలో దిగబడింది. అంతకు ముందు వాడి రొమ్ము అక్కడే ఉంది.

వాణ్ణి పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకు తెలీదు. వాడు మాత్రం ఏడవట్లేదు. అటూ ఇటూ చూస్తున్నాడు.

"మిగతావోలు ఏరీ?"

"ఎవుల్రా?"

"నీ పక్కనోలు. నీకటూ ఇటూ నిలబడ్డారు గదా. ఉట్టి కాళ్లు, కడియాలున్నాయి. సంతోలు ఎనక్కొచ్చి పట్టుకున్నారనుకున్నాను."

దారి అటు ఖాళీ, ఇటు ఖాళీ. బురదలో అడుగుల కోసం చూశాను. ప్యాసింజర్లందరూ వెనక నుంచే దిగారు కాబట్టి అక్కడ అడుగుల మీద అడుగులు. అది సాక్ష్యం కింద నేనే ఒప్పుకోను. రెండో రాయి ఇరుసుకి అడ్డం పడి ఉంటుందని మీరనొచ్చు. ఆ రాయి వాడి చంకలోనే ఉంది. దాన్ని హత్తుకునే బయటికి వచ్చాడు.

తర్వాత ఒక లారీ వస్తే ఆపి, దాని పొడుగు జాకీతో పని కానిచ్చాం. రెండు రాళ్లూ కడిగి కుప్ప మీద పెట్టాం. ముందున్న ఊళ్లో ఆగి అడిగాను, ఎవరైనా వెనక్కి వచ్చారా అని. ఎవరూ రాలేదన్నారు. ముసలామె గడపలో కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని "రాళ్లు ఎట్టేసినారా?" అంది. ఎట్టేశామన్నాను. లేచి లోపలికి పోయింది.

భయంలో మనిషికి లేని బలం వస్తుందని ఒక డాక్టరు గారు అన్నారు. వస్తుందేమో. కానీ బలం వస్తే మొత్తం బరువు నేనే మొయ్యాలి కదా? నా చేతికి తగిలింది నా వంతు మాత్రమే. దెయ్యమనీ అనను, దేవతనీ అనను.

తర్వాత జీపు అమ్మేశాం. అప్పన్న అరకులోనే టైర్ల షాపు పెట్టుకున్నాడు. జాకీ అడిగినవాణ్ణి ముందు బండి ఎత్తెంతని అడుగుతాడు. కొన్నాళ్ల కిందట వాడు ఇల్లు మారుతుంటే ఇనప బీరువా ఎత్తడానికి వెళ్లాను. వాడొక వైపు, నేనొక వైపు. ఎత్తాం. అనుకున్నంత బరువు లేదు. వాడు నా వైపు చూశాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి తల వంచి కిందకి, కాళ్ల వైపు చూశాం.

మా నాలుగు కాళ్లే ఉన్నాయి. బీరువా దించాక వాడు నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.