పద్నాలుగో అంగుళం

ఉమామహేశ్వరి పాలిష్ పట్టిన ఇనుప ముక్కలో ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. తాడేపల్లిగూడెంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ లోహాల ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. ఎక్కడో విరిగిన షాఫ్టో, పగిలిన గొట్టమో వస్తుంది. అందులోంచి చిన్న ముక్క కోసి, నల్లటి బేకలైటు పొడిలో పెట్టి, వేడి మీద నొక్కి, క్యారమ్స్ స్ట్రైకరంత బిళ్ళ చేస్తుంది. గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్న కాగితం దాకా ఆరింటి మీద రుద్దుతుంది. కాగితం మారినప్పుడల్లా బిళ్ళను పావు వంతు తిప్పాలి. పాత గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి కాగితం ముట్టుకోకూడదు. చివర మఖమల్ గుడ్డ, ఆపైన ఒక్క చుక్క యాసిడ్. అప్పుడు గానీ ఇనుము మైక్రోస్కోపు కింద నోరు విప్పదు. ఆ ఫొటోలు పెట్టి పరిశోధన పత్రాలు అచ్చేయించుకుని ప్రొఫెసర్లయిన వాళ్ళు డజను మంది ఉన్నారు. వాటి కోసం వేళ్ళ చర్మం అరగదీసుకున్న మనిషి పేరు ఒక్క పత్రంలోనూ లేదు. ఆవిడ పట్టించుకోలేదు గానీ, చెబుతున్న నాకే ఒళ్ళు మండుతోంది.

ఆవిడది ఇనుప వ్యాపారం చేసిన కుటుంబం. తండ్రి ఈశ్వరరావు గూడెం బజారులో కడ్డీలు, బద్దీలు అమ్మేవారు. కోయించుకుని పట్టుకెళ్ళిన కడ్డీ బదులు నాలుగు రోజుల తర్వాత ఎక్కడిదో తుప్పు ముక్క తెచ్చి, "ఇది మీరిచ్చిందేనండీ" అని గొడవకు దిగేవాళ్ళు ఉండేవారు. అందుకని ఆయన ఏ కడ్డీ కోసినా, ఆ ముక్క కడ్డీ చివరి నుంచి ఎన్నో అంగుళానిదో ఉక్కు అచ్చుతో అంకె కొట్టేవారు. "ఇనుముకి నోరు లేదమ్మా. అంకె వెయ్యకపోతే దాని గురించి ఎవడికి తోచింది వాడు చెప్తాడు" అనేవారు. కొట్టు మూసేశాక ఆ అచ్చుల పెట్టెను కూతురు ల్యాబుకి తెచ్చుకుంది. ఏ ముక్క కోసినా, విరిగిన అంచు నుంచి అది ఎన్నో అంగుళానిదో దాని పక్క వైపు మీద కొడుతుంది. తన పని రిజిస్టరులోనూ రాసుకుంటుంది. తర్వాత బేకలైటు ముక్క మీది అంకెను కప్పేస్తుంది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఎనిమిది నెలల కిందట మండవల్లి దగ్గర చేపల యార్డులో ఐసు దిమ్మలు నలగగొట్టే యంత్రం షాఫ్టు విరిగింది. దాంతోపాటు ఊడిన పళ్ళ చక్రం ఎగిరి, దాని దగ్గర పనిచేసే యోసేపు కుడిచేతి మీద పడింది. డాక్టర్లు చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. యంత్రం చేసిన కంపెనీ తప్పు కార్మికుడిదేనంది. అసలు సంగతి తేల్చమని ఏలూరు నుంచి కార్మికశాఖ అధికారిణి ఆ షాఫ్టును ల్యాబుకి పంపింది. యార్డు వాళ్ళ ఆటోలో షాఫ్టుతో పాటు యోసేపు కూడా వచ్చాడు. మొండి చేతికి తువ్వాలు చుట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి, కూర్చోండి" అంది ఉమామహేశ్వరి.

"వద్దులెండి అమ్మగారూ. దీనికి పరీక్షెందుకండీ? ఐసు ఇరుక్కుపోయిందని సరుగుడు కర్రెట్టి పొడిచానండీ. అంతా అలాగే పొడుస్తాం. నా చేతిలోనే ఇరిగింది. తప్పు నాదేనండీ."

ఆవిడ షాఫ్టు విరిగిన ముఖాన్ని వెలుతురుకి తిప్పింది. దాని మీద వరసగా చారలున్నాయి. చేపల చెరువులో నీళ్ళు తోడేస్తుంటే గట్టు మీద రోజుకో గీత మిగులుతుంది కదా, అచ్చం అలాంటివి. ఒక్క దెబ్బకి విరిగిన ఇనుము మీద అవి ఉండవు. నెలల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి పగులుతూ వచ్చినదాని మీదే ఉంటాయి. ఆవిడ మొదటి అంగుళం దగ్గర ముక్క కోసి, పాలిష్ పట్టి చూసింది. అంచు పొడుగునా వెల్డింగు కనిపించింది. అరిగిపోయిన పాత షాఫ్టుకి వెల్డింగు పోసి, లేతు పట్టించి, రంగేసి కొత్తదని అమ్మేశారు. పగులు ఆ వెల్డింగు కిందే పుట్టింది.

ల్యాబు పెద్ద ప్రొఫెసర్ జయకృష్ణ. ఆవిడకన్నా పదేళ్ళు చిన్న. మెత్తటి మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. "చాలా బాగా తీశారండీ ఉమగారూ. అవతలి చివర కూడా ఒక ముక్క తీద్దామండీ, పోల్చి చూడటానికి" అన్నాడు. పోల్చి చూడటం మామూలే. పద్నాలుగో అంగుళం దగ్గర వెల్డింగు లేదు, ఇనుము శుభ్రంగా ఉంది. ఆవిడ ఆ ముక్కను కూడా ప్రాణం పెట్టి పాలిష్ పట్టింది.

పది రోజుల తర్వాత టపా రిజిస్టరులో రాయడానికి రిపోర్టు ఆవిడ చేతికొచ్చింది. విరిగిన చోట లోహం నాణ్యంగా ఉందట. వెల్డింగు ఆనవాళ్ళు లేవట. కార్మికుడు కర్ర దూర్చడంతో పడిన అధిక భారానికే షాఫ్టు విరిగిందట. కింద ఫొటో ఉంది. తన చేతి పనిని ఆవిడ గుర్తుపట్టదా? అది పద్నాలుగో అంగుళం! ఆ బిళ్ళకే "విరిగిన అంచు" అని చీటీ అంటించి, సీలు వేసి రిపోర్టుతో పంపుతున్నారు. పరుగెత్తి షాఫ్టు చూస్తే, తుప్పు వదిలించే వంకతో విరిగిన ముఖాలు రెండింటినీ గ్రైండింగు రాయికి పట్టించేశారు. చారలు లేవు. మొదటి అంగుళం బిళ్ళ అలమరలో లేదు. ల్యాబు తుక్కు డబ్బా బోర్లించి చేతులు పెట్టి వెతికితే, అడుగున దొరికింది.

కొత్త మైక్రోస్కోపు మీద తెల్ల అక్షరాలతో దాత పేరు ఉంది. పాండురంగారావు. ఐసు యంత్రాల కంపెనీ ఆయనదే. ఇన్నాళ్ళూ రోజూ ఆ అక్షరాల మీద దుమ్ము తుడిచింది తనే! ఆవిడ జయకృష్ణ గదిలోకి అడక్కుండానే వెళ్ళి నిలబడింది.

"ఈ ఫొటో విరిగిన చోటుది కాదు సార్."

"మీరు మనసు పాడుచేసుకోకండి ఉమగారూ. ఇందులో చాలా సంగతులుంటాయండీ. మీకింకా రెండేళ్ళ సర్వీసుంది కదండీ, ప్రశాంతంగా చేసుకోండి."

ఆ మెత్తదనానికే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టినా బాగుండేది. అంతకన్నా మంట తన మీద తనకి. అబద్ధానికి అద్దంలా మెరుగు పెట్టింది తన చేతులే కదా! ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తలేక కంచంలోనే చెయ్యి కడిగేసింది.

కార్మికశాఖ విచారణ రోజున సెలవు చీటీ రాసి పడేసి, ఏలూరు రైలెక్కింది. చేతిసంచిలో తుక్కు డబ్బాలో దొరికిన బిళ్ళ, తండ్రి సుత్తి ఉన్నాయి. అధికారిణి గదిలో బల్లకి ఒక పక్క పాండురంగారావు, జయకృష్ణ కూర్చున్నారు. యోసేపు గోడవార నిలబడ్డాడు. "కర్ర పెట్టింది నేనే" అన్న కాగితం మీద అప్పటికే ఎడమచేతి వేలిముద్ర వేసేశాడు. అధికారిణి సంతకం పెట్టడమే మిగిలింది.

"ఆ సీలు వేసిన బిళ్ళ చేసింది నేనండీ. దాన్ని మీ ముందే పగలగొడతాను, అనుమతి ఇవ్వండి" అంది ఉమామహేశ్వరి.

జయకృష్ణ లేచాడు. "ఉమగారూ, అది సాక్ష్యమండీ, అలా..."

"సాక్ష్యం కాబట్టే సార్. విప్పి చూపిస్తాను."

అధికారిణి ఇద్దరి ముఖాలూ చూసి, "కొట్టండి" అంది. కిటికీ చప్టా మీద పెట్టి రెండు దెబ్బలు వేస్తే నల్లటి పెంకు ఊడిపోయింది. ఉమామహేశ్వరి ముక్కను పక్కకు తిప్పి బల్ల మీద పెట్టింది. పద్నాలుగు అని ఉంది. తన సంచిలోని బిళ్ళ తీసి అదీ పగలగొట్టింది. దాని మీద ఒకటి అని ఉంది.

"అంకె అంటే విరిగిన చోటు నుంచి అన్ని అంగుళాల దూరమండీ. నా పని రిజిస్టరు తెప్పించుకోండి, ఇరవై ఆరేళ్ళ ముక్కలకీ అంకెలున్నాయి. వీళ్ళు మీకు పంపింది పద్నాలుగో అంగుళం. ఇదిగో మొదటి అంగుళం. దీన్ని తుక్కులో పారేశారు. ఇంకే ల్యాబుకైనా పంపించి చూపించండి, ఇందులో ఉన్న వెల్డింగు గుడ్డివాడికి కూడా తెలుస్తుంది."

"చీటీలు తారుమారైనట్టున్నాయండీ" అన్నాడు జయకృష్ణ. పాండురంగారావు ఫోను తీసి బయటికి వెళ్ళబోయాడు. అధికారిణి అతన్ని కూర్చోమంది. రిపోర్టు పక్కన పడేసి, రెండు ముక్కలూ వేరే ల్యాబుకి పంపుతున్నానని రాసింది. ఆ కంపెనీ యంత్రాలు ఏయే యార్డుల్లో తిరుగుతున్నాయో జాబితా ఇచ్చి గానీ కదలడానికి వీల్లేదంది.

యోసేపుకి ఇదేమీ ఎక్కినట్టు లేదు. మెల్లగా బల్ల దగ్గరికొచ్చి, ఎడమచేత్తో మొదటి అంగుళం ముక్కను ముట్టుకున్నాడు.

"అమ్మగారూ, అయితే నా కర్ర వల్ల కాదాండీ?"

"కాదు. మీరు కర్ర పెట్టడానికి ఎన్నో నెలల ముందు నుంచే అది లోపల పగులుతోంది. ఆ రోజు కాకపోతే మర్నాడు విరిగేది. మీ దగ్గర కాకపోతే ఇంకొకరి దగ్గర."

 అతని ముఖం ఎర్రబడింది. ఎనిమిది నెలల్లో అతనికి కోపం రావడం అదే మొదటిసారి. నేరుగా జయకృష్ణ వైపు తిరిగాడు.

"ప్రతి ఆదివారం చర్చిలో మోకరించానండీ. నా తప్పు మన్నించు తండ్రీ అని ఎనిమిది నెలలు ఏడ్చానండీ. మీరు చదువుకున్నోరు కదండీ. ఆ ప్రార్థన ఎవరు చెయ్యాలో మీరే చెప్పండి."

జయకృష్ణ ఫైలు చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. ఉమామహేశ్వరి అతనికన్నా ముందే వెళ్ళి, సుత్తి ఇంకా చేతిలోనే ఉండగా, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అడుగుతున్నాడు కదండీ," అంది. "చెప్పి వెళ్ళండి సార్."