అమ్మకు నేనిచ్చిన తామర మందు

తెలంగాణ ఇంకా రాకముందు సూర్యాపేటలో ఒక మెడికల్ షాపు కౌంటర్లో పనిచేసేవాణ్ణి. చదివింది ఇంటర్. అయినా తెల్ల చొక్కా వేసుకుని నిలబడితే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ‘డాక్టర్ సాబ్’ అనేవారు. ఆ పిలుపు తలకెక్కింది.

మోతె దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉండి గొర్లు కాసేది. ఓ వానాకాలం లంగా బొందు కట్టే చోట గుండ్రంగా తామర లేచింది. సిగ్గుతో నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక, షాపులో అందరికీ ఇచ్చే ట్యూబే తీసుకెళ్లి ఇచ్చాను. మూడోరోజుకు దురద పోయింది.

“నీ చేతిల మహిమున్నది కొడుకా,” అంది. నేనూ నిజమే అనుకున్నాను.

పది రోజులకు మళ్లీ లేచింది, ఈసారి నడుం చుట్టూ. ఇంకో ట్యూబు ఇచ్చాను. అక్కడ తగ్గి తొడలకు పాకింది. ఏడాది పాటు ఇదే వరస. తప్పు నా మందులో ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. నా కళ్లు గొంగడి మీద పడ్డాయి.

అది నాన్నది. ఆయన పోయాక అమ్మ కప్పుకునేది. మా ఇళ్లలో గొంగడిని ఉతకరు. చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు, ఉతికితే ఆ గంజి పోయి వానకు ఆగదు.

“ఈ మురికితోనే నీకు తామర. కాలబెట్టు,” అన్నాను.

“ఎండల ఏస్త తియ్ బిడ్డా. మీ నాయినది గదా.”

నేను వినలేదు. దొడ్లో నేనే కిరసనాయిలు పోసి అంటించాను. ఉన్ని కాలిన కంపులో అమ్మ అక్కడే కూర్చుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే నేను చేసిందే.

తామర పోలేదు, చంకల దాకా వెళ్లింది. తొడల మీద చర్మం పలచబడి ఎర్రటి చారలు పడ్డాయి. గోకితే నెత్తురు వచ్చేది. అప్పుడు భయపడి కోదాడలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అమ్మను లోపల చూసి వచ్చి, మేం తెచ్చిన ట్యూబు మీద రాసింది చదివింది.

“ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. దురద అణిగినట్టే ఉంటుంది, తామర మాత్రం పెరుగుతుంది. మాత్రలు రాస్తున్నాను. మచ్చ పోయినా నేను చెప్పేదాకా ఆపొద్దు. తువ్వాలు వేరే పెట్టుకోండి, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఆ చారలు మాత్రం పూర్తిగా పోవు.”

“గొంగడి కాలబెట్టినమమ్మా,” అంది అమ్మ.

“అయ్యో, ఉతికి ఎండలో వేస్తే సరిపోయేది. ఇంతకీ ఈ ట్యూబు ఎవరిచ్చారు?”

నేను పక్క స్టూలు మీదే ఉన్నాను.

“ఎవలో ఏమో. సంతల కొన్న,” అంది అమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. బస్టాండులో అడిగాను, నేనిచ్చానని ఎందుకు చెప్పలేదని.

“సెప్తే నీ నౌకరి పోదా,” అంది.

మర్నాడు షాపుకు ఒకామె వచ్చింది. నడుం దగ్గర చీర మీదుగానే గోక్కుంటూ, పక్కింటామె వాడిన ట్యూబే కావాలంది. డాక్టరుకు చూపించుకొమ్మని చెప్పబోయాను. ఓనర్ చూస్తున్నాడు. అమ్మకిచ్చిన ట్యూబే తీసి ఇచ్చాను.