గోటీల బీడు, నేను రాయని మంద

రెండేళ్ళ కిందట ఒక మాసపత్రికలో దేవరకొండ దగ్గరి గోల్ఫు మైదానం గురించి వ్యాసం రాశాను. నేను ఆడిన ఆరేడు మైదానాల్లో అదే నాకు ప్రాణమని, అక్కడి పచ్చికను ప్రకృతి తనంతట తానే పరిచిందని రాశాను. ఆ రెండో మాట అబద్ధం. ఆ పచ్చికను గొర్రెలు మేసి మేసి అలా చేశాయి. అవి కురుమ బీరయ్య గొర్రెలు. నేను వాటి మధ్యే ఆడాను, వాటి పెంటికలు బూట్ల నుంచి దులుపుకున్నాను. ఇంటికి వచ్చి, మంద ఊసే ఎత్తకుండా మూడు పేజీలు నింపాను.

నేను చెరువుల మరమ్మతు శాఖలో ఓవర్సీరును. ఒక కుంట తూము పని మీద ఆ వైపు వెళ్ళినప్పుడు అక్కడి జాగీర్దారు నవాబుగారు నాకు ఈ ఆట నేర్పారు. ఆట తెలియని వారికి చెబుతాను. చిన్న తెల్ల బంతిని కర్రతో కొడుతూ, దూరంగా ఉన్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బల్లో వేయాలి. అలాంటివి తొమ్మిది గుంటలు. నీళ్ళు చాలని నేల కాబట్టి గుంటల చుట్టూ పచ్చిక పెంచరు, ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి చదును చేస్తారు. మధ్య దారంతా పచ్చిక. ఆ బంతులను పిల్లలాడే గోటీలతో పోల్చి ఊరివాళ్ళు దాన్ని గోటీల బీడు అంటారు.

మొన్న భాద్రపదంలో నా స్నేహితుడొకడు నా వ్యాసాన్ని నమ్మి అక్కడికి వెళ్ళి వచ్చాడు. పచ్చిక లేదు, నడుమెత్తు గడ్డి ఉంది, మూడు బంతులు పోయాయి అన్నాడు. ఈ వానలకు ముందే నవాబుగారు చుట్టూ ముళ్ళకంచె వేయించి గొర్రెలను రానివ్వడం లేదట. కంచె బయట ఒకావిడ తనను పట్నపోడని తిట్టిందని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. సెలవు పెట్టి బయలుదేరాను.

పట్నంలో గౌలిగూడ దగ్గర పొద్దున్నే బస్సు దొరుకుతుంది. టికెట్టుకు నిజాం నాణెం, హాలీ సిక్కా, దగ్గర ఉంచుకోండి, ఇంగ్లీషు వాళ్ళ కల్దారు రూపాయి ఇస్తే చిల్లర కోసం తగువు పడాలి. యుద్ధం ముగిసినా పెట్రోలు కరువు తీరలేదు, బస్సును బొగ్గు ఆవిరితో నడిపే పొయ్యి వెనక అలాగే ఉంది. క్లీనరు దాని పంకా తిప్పుతూ ఉంటే పొగ అంతా వెనక సీట్లవారికే. ముందు కూర్చోవడం మంచిది. నేను గోనెసంచిలో చుట్టిన గోల్ఫు కర్ర ఒకటి పట్టుకుని నడిమి సీట్లో కూర్చున్నాను. ఇబ్రహీంపట్నంలో చాయ్. ఎక్కుడు వచ్చిన చోటల్లా బస్సు దమ్ము పట్టలేక ఆగేది. మగవాళ్ళం దిగి నడిచేవాళ్ళం.

పక్కన అడుగంటిన సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. పట్నంలో పండ్లమ్మి ఇంటికి పోతోంది. నా కర్రను చాలాసేపు చూసింది.

"గా కట్టె ఏంది సారు? పాముల కొట్టనీకా?"

"కాదమ్మా, బంతి కొట్టడానికి."

"కొట్టినంక?"

"దాని వెనక నడిచి పోయి మళ్ళీ కొడతాం."

ఆమె ముందు సీటులోని మనిషితో అంది. "సూసినవా అల్లుడా, గీ సారుకు ఎడ్లు లేవు, మేకలు లేవు. గందుకే బంతిని మేపుతుండు." బస్సులో సగం మంది నవ్వారు. దిగేటప్పుడు మాత్రం గంప అడుగున మిగిలిన ఒక పండు నా చేతిలో పెట్టింది.

మాల్ అనే ఊరి దగ్గర జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిన్నాం. చింతపల్లి దాటాక నేల మారుతుంది. బండ మీద బండ, దాని మీద ఇంకో బండ, ఇప్పుడే పడిపోతుందేమో అన్నట్టు నిలిచి ఉంటాయి. మల్లేపల్లి మలుపు తిరగగానే దేవరకొండ దుర్గం కనిపిస్తుంది. ఏడు గుట్టల నడుమ, గోడలు గుట్టల మీదికి పాకుతూ దిగుతూ, కొండకు పుట్టిన ఎముకల్లా ఉంటాయి. బస్సు దిగేసరికి పొద్దు పడమటికి వాలింది.

ఊరి నుంచి బీడుకు రెండు కోసుల దూరం. ఎడ్లబండి కిరాయికి దొరుకుతుంది. బండి దిగగానే కంచె కనిపించింది. తుమ్మకంప ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచారు. లోపల గడ్డి గాలికి ఊగుతోంది. కంచె బయట గుడిసె ముందు బీరయ్య భార్య లింగమ్మ ఉన్ని ఏకుతోంది. రెండేళ్ళ కిందట దూరం నుంచి చూసిన మనిషే, నన్ను గుర్తుపట్టలేదు. బీరయ్య ఎక్కడని అడిగాను.

"మందను మల్లేపల్లి అంగడికి కొట్టుకపోయిండు. రేపు అంగడి."

"అన్నీ అమ్ముతాడా?"

"మేపు లేకుంటే ఏం జేస్తడు? పోయిన నెల సగం అమ్మినం. గిప్పుడు మిగిలినయి." ఆమె చేయి ఆగలేదు. "మేపినందుకు పుల్లరి అని నవాబుకు యాడాదికో పొటేలు ఇస్తిమి, గొంగడి ఇస్తిమి. మా మామల తాతలు మేపిన బీడు. ఎవ్వడో పట్నపోడు కాయితంల రాసిండట, గీ గడ్డి దానంతటదే మంచిగుంటదని. మంచిగుంది గద, సూడుండ్రి. గా రాసినోని నోట్ల గింత గడ్డి వెట్టాలె."

నేనే ఆ మనిషినని ఆమెకు చెప్పలేదు. మంచినీళ్ళు అడిగాను. ఇచ్చింది, తాగాను, బంగళాకు నడిచాను.

నవాబుగారి బంగళాలో అతిథుల గది ఉంది, పరుపు మనమే తెచ్చుకోవాలి. ఆయన ఆప్యాయంగా కౌగిలించుకున్నారు. భోజనాల దగ్గర ఇద్దరు బంధువులు ఉన్నారు. నా వ్యాసాన్ని ఈ ఎండాకాలం మున్షీ ఉర్దూలోకి మార్చి చదివిన సంగతి వాళ్ళకు వర్ణించి చెప్పారు. వాళ్ళ ముందు నిజం చెప్పలేకపోయాను. మెచ్చుకోలు వింటూ అన్నం తిన్నాను.

తెల్లవారకముందే లేచి మూడో గుంట వైపు వెళ్ళాను. బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు అక్కడొక పెద్ద బండ. ఈ మైదానం నాకెందుకు ప్రాణమో ఆ బండ ఎక్కితే తెలుస్తుంది. ఎక్కాను. తూర్పు తెల్లబడే కొద్దీ గుట్టలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. మంచులోంచి దుర్గం మెల్లగా విడివడింది. గోడల మీద ముందుగా వెలుగు, ఆ తర్వాత బండల మీద, ఆఖరున బీడు మీద పడింది. వేల గడ్డి వెన్నుల మీద మంచుబొట్లు ఒక్కసారే నిప్పంటుకున్నట్టు వెలిగాయి. ఇంత అందాన్ని చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాను. అయినా అందులో ఒక్క బంతి దొర్లడానికి జానెడు చోటు లేదు.

బండ దిగుతుంటే లింగమ్మ గుడిసె వైపు కంపలో ఒక సందు కనిపించింది. అంగడికి నడవలేని ముసలి గొర్రెలు మూడు అందులోంచి దూరి, బండ నీడలో మేస్తున్నాయి. అవి మేసిన మేర, ఒక వాకిలంత, పాత పచ్చికే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేయి ఆనించాను. పొట్టిగా, దట్టంగా, కింద నేల తగలనంత ఒత్తుగా ఉంది. గొర్రె కొరికిన ప్రతి చోట గడ్డి రెండు పిలకలు వేసింది. తాతల నాటి నుంచి ఎన్ని నోళ్ళు ఇక్కడ వంగి ఉంటాయో, ఎన్ని రాత్రులు మంద ఇక్కడ పడుకుని ఈ రాతినేలకు ఎరువు వేసిందో. అది తలుచుకుంటే, ఇందాక బండ మీద చూసిన పొద్దుపొడుపు కూడా నాకు చిన్నదైపోయింది. గోల్ఫు ఇక్కడికి వచ్చి పదేళ్ళు. మేము మంద పరిచిన పక్క మీద పడుకున్నవాళ్ళం.

బంతి వేసి మెల్లగా తట్టాను. ఆ వాకిలంత మేరా జారి, గడ్డి అంచున ఆగింది. వెనక నుంచి "వాహ్" అని వినిపించింది. నవాబుగారు షికారుకు వచ్చారు. ఇక దాటవేయలేదు. ఆ వ్యాసంలో నేను రాసింది అబద్ధమని, ఈ పచ్చిక బీరయ్య మందదని, మిగిలిన గొర్రెలు కూడా ఇవాళ మల్లేపల్లి అంగడిలో అమ్ముడుపోతాయని చెప్పాను. ఆయన ఉర్దూలో అన్న మాటలను ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"అది నాకు తెలియదా? బంతి పెంటికల్లో పడితే తీసి పక్కన పెట్టుకోవచ్చని ఈ మైదానానికి నియమం పెట్టింది నేనే కదా."

"మరి కంచె?"

ఆయన దుర్గం వైపు తిరిగారు. "ఇన్నేళ్ళలో గొర్రెలున్నాయని నన్నెవరూ చిన్నచూపు చూడలేదు. మీరు లేనట్టు రాశారు. అప్పుడనిపించింది, చదువుకున్నవాడు దాచాడంటే ఇది దాచవలసిన సంగతేనని. మీ రాత విన్నాకే నాకు సిగ్గు పుట్టింది, ఓవర్సీరు సాబ్. నన్ను పెద్దవాణ్ణి చేద్దామని రాశారా?"

అవునన్నాను. మీ ఉప్పు తిని, మీ మైదానంలో పెంటికలున్నాయని రాయలేకపోయాను అన్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. గడ్డిలోంచి నా బంతిని తీసి నా చేతిలో పెట్టారు. బండివాణ్ణి పిలిచి నన్ను మల్లేపల్లి తీసుకుపొమ్మన్నారు, కంప ఈ పూటే తీయిస్తానని బీరయ్యకు చెప్పమని నాతో అన్నారు. "మిగతాది మీరు చెప్పుకోండి," అని వెనుదిరిగారు.

మల్లేపల్లి అంగడి చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. దుమ్ము, అరుపులు, గొర్రెల వాసన. అక్కడ బేరం నోటితో జరగదు. దళారీ తువ్వాల కప్పి, దాని కింద చేతివేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు, పక్కవాడికి తెలియకుండా. బీరయ్యను చూసేసరికి ఆయన చేయి అప్పటికే తువ్వాల కింద ఉంది. తువ్వాల కింద చేయి ఉన్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు. ఆ సంగతి తెలిసి కూడా బీరయ్య భుజం పట్టుకున్నాను.

"నవాబుగారు కంప తీయిస్తున్నారు. మందను వెనక్కి తోలుకు రమ్మన్నారు."

దళారీ నన్ను నానా మాటలూ అన్నాడు. బీరయ్య చేయి మాత్రం తువ్వాల కిందనే ఉంది. నా ముఖం చూశాడు. వెనక నిలబడ్డ బండివాడు నవాబుగారి మనిషని గుర్తుపట్టాడు. అప్పుడు మెల్లగా చేయి బయటికి తీసి, గొంగడి సర్దుకున్నాడు.

"నిజమా సారు? మల్ల రేపు మారుస్తె?"

"మార్చరు."

"సగం పోయినయి గద. గవి రావు." అంతే అన్నాడు. తువ్వాల మడుస్తున్న దళారీతో, "జర ఓపిక పట్టు మామ, నీకు చాయ్ తాపిస్త," అని మందను కూడదీయసాగాడు.

పట్నం పోయే బస్సు అంగడి అంచున నిలిచి ఉంది. టికెట్టు తీసుకుని ఎక్కాను. క్లీనరు పంకా తిప్పుతున్నాడు, పొయ్యి రాజుకోలేదు. కిటికీలోంచి చూస్తే దేవరకొండ దారిలో మంద కదులుతోంది. ముందు బీరయ్య, వెనక దుమ్ము, దుమ్ము వెనక దుర్గం. ఈ దారిన వచ్చేవారికి చెప్పదలచింది ఇదే. గోటీల బీడు చూడాలంటే మంద బీడులో ఉన్నప్పుడు వెళ్ళండి. అవి దాటేదాకా బంతి కొట్టకుండా నిలబడండి. అలా నిలబడి చూసినదే ఆ మైదానంలో గొప్ప భాగం. అక్కడి గాలి, ఆ కొండ, ఆ రాయి, ఇవన్నీ గొర్రెల నోళ్ళు మేసి తెరిచి ఉంచిన నేల మీదే మనకు దొరుకుతాయి. నేను చూసిన మైదానాలలో దాన్ని మించినది లేదు. ఈసారి ఆ మాట పూర్తిగా నిజం.

ఇదంతా ఇంటికి పోయి రాయవచ్చుననుకున్నాను. రాస్తే చాలుననుకున్నాను. కానీ బీరయ్యకు చదువు రాదు. పొయ్యి రాజుకుంది, బస్సు వణికింది. డ్రైవరును ఆగమని చెప్పి దిగి, మంద వెనక పరుగెత్తాను. నన్ను చూసి బీరయ్య నిలబడ్డాడు. గొర్రెలు మా కాళ్ళ చుట్టూ ఒత్తుకుని నిలబడ్డాయి.

"ఏం సారు, ఏమన్న మరిచినవా?"

"బీరన్నా, గడ్డి దానంతటదే పెరుగుతుందని కాగితంలో రాసింది నేను. నీ మందను చూసి కూడా రాయలేదు. నీ సగం గొర్రెలు నా వల్ల పోయినయి. నిన్న మీ ఇంట్లో నీళ్ళు తాగి కూడా ఈ మాట చెప్పలేదు, లింగమ్మకు కూడా చెప్పు. తప్పు నాది. నన్ను క్షమించు."