నడుము కొలిచే దర్జీ బాబాయి

దర్జీ బాబాయికి మనిషి కనబడితే చాలు, నడుము కొలవాలి. పలకరింపులన్నీ ఆ తర్వాతే. తిండిగొట్టంలో క్యాన్సరొచ్చి ఆస్పత్రిలో చేరినా మెడలో టేపు తియ్యలేదు. ఎక్స్‌రే తీసేవాళ్ళు తియ్యమంటే, "నా ఎముకల మీద మిగిలిన కండ ఇదొక్కటే, ఉండనివ్వండి," అన్నాడట.

నేను బస్సు డ్రైవర్ని. నాదీ అదే జబ్బు, అదే ఆపరేషను, పక్క మంచం. చిన్న బెజ్జాలు పెట్టి, కెమెరా దూర్చి, పాడైన గొట్టం తీసేసి, పొట్టనే పైకి లాగి అతికారు. పైకి చూస్తే దోమలు కుట్టినట్టుంది. లోపల మాత్రం రోజురోజుకీ కరిగిపోతున్నాను.

"ఇదేంటి సార్?" అని డాక్టర్ని అడిగాను.

"గాటు చిన్నదే. కానీ లోపలి గాయం మాన్పుకోవడానికి ఒళ్ళు మామూలుకంటే ఎక్కువ శక్తి కాలుస్తోంది. నువ్వు తినకపోతే కండని కరిగించి కాలుస్తుంది."

"అంటే, బండి షెడ్డులో ఉన్నా ఇంజను ఆగలేదన్నమాట."

"మరి డీజిలు పొయ్యరా వెధవా!" పక్క మంచం మీంచి అరిచాడు బాబాయి.

ముక్కు గొట్టంలో పోసేది చాలదు, నోటితో జావ తాగాలి. రెండు గుక్కలకే ఛాతీ పట్టేసేది. కిటికీ పక్క మంచంలో ఉండే మాస్టారు కూడా ఇలాగే వద్దు వద్దంటూ చిక్కిపోయాడు. ఓ పొద్దున్న ఆయన మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. ఆ రోజు నేను జావ గిన్నె ముట్టలేదు. నడుద్దామని లేస్తే నర్సమ్మ ముందే ప్యాంటు జారిపోయింది. మా ఆవిడ మొహం తిప్పేసుకుంది.

బాబాయి టేపు చుట్టాడు. "గొడుగు గుడ్డ పోయి కర్ర మిగిలినట్టున్నావురా!"

"మాస్టారి తర్వాత నా వంతే బాబాయ్."

"నోర్ముయ్!"

మా ఆవిడ ఆ ప్యాంటు ఉతికిస్తానని పట్టుకెళ్ళింది. మళ్ళీ తెచ్చాక వేసుకుంటే, బెల్టు లేకుండానే నడుముకి పట్టేసింది!

"బాబాయ్, నేను లావయ్యానా?"

కళ్ళు చికిలించి కొలిచాడు. "అయ్యావు. ఇప్పుడు జావ మానేశావో, నా టేపు పరువు తీసినవాడివవుతావు."

తాగాను. కక్కాను. మళ్ళీ తాగాను.

"మరి నీ నడుమెంత బాబాయ్?" అని అడిగితే, "నేనేమైనా గిరాకీనా, కొలుచుకోడానికి?" అని కసిరాడు.

ఇంటికొచ్చిన కొన్ని నెలలకి ఆ ప్యాంటుకి గుండీ పట్టలేదు. కుట్లు విప్పుదామని తిరగేస్తే నడుము దగ్గర చేతికుట్టు, కొత్త దారం. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక చెప్పేసింది: "నేనే ఆయనకిచ్చాను. దుప్పటి కింద దాచుకుని కుట్టాడు."

వెంటనే ఫోను చేశాను. బాబాయి గొంతు పీలగా ఉంది. ఇంకా జావ మీదే ఉన్నాడట.

"మోసం చేశావు బాబాయ్! ఆ రోజు లావైంది నేను కాదు, చిక్కింది ప్యాంటు!"

"ఇప్పుడు బిగుతైందా?"

"గుండీ పట్టడం లేదు."

ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు.

"అయితే విప్పుకో. గుడ్డంతా లోపలే మడిచి వదిలాను. నువ్వు పోతావనుకుంటే కత్తిరించి పారేసేవాణ్ణి కాదట్రా!"