గుర్రం బాబాయి పళ్లెం

వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరూ గుర్రం బాబాయి అనేవారు. ఆయన జన్మలో గుర్రమెక్కిన పాపాన పోలేదు. ఒకప్పుడు జనాన్ని వెర్రెత్తించిన ఒక పందెపు గుర్రం మీద మనసు పారేసుకున్నాడు, అంతే. అది పరుగెత్తేది సెలవురోజున. సెలవురోజే సెలూన్ కిటకిటలాడేది. సగం గీసిన గడ్డాన్ని వదిలేసి పందేనికి పోవడం మర్యాద కాదు కదా! అందుకే ఆ గుర్రాన్ని ఒక్కసారీ కళ్లారా చూడలేదు. గడ్డాలవాళ్లే జాలిపడి దాని బొమ్మలున్న అగ్గిపెట్టెలు, కప్పులు, చేతిరుమాళ్లు తెచ్చిచ్చేవారు. అన్నిటికన్నా ఆయనకు ముద్దు, అద్దం పైన వేలాడే రేకు పళ్లెం. అందులో గుర్రం గెలుపు గీత దాటుతూ ఉండేది.

"నా సవతి కులాసాయేనా?" అని క్యారియర్ తెచ్చినప్పుడల్లా భార్య దెప్పేది.

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది" అనేవాడాయన.

చేతులు వణకడం మొదలయ్యాక సెలూన్ మూతపడింది. సరంజామా అంతా ఇంటి వెనక గదికి చేరింది. ఇప్పుడా గది, పసిబిడ్డతో వస్తున్న కూతురికి కావాలి. పాత వస్తువులు కొనే ఆయన, ముఖ్యంగా ఆ పళ్లెం కోసమే వస్తానని కబురు పెట్టాడు. బాబాయి సరేనన్నాడు. మనవరాలికి చోటు కావాలంటే కాదనే తాత ఉంటాడా? కానీ ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

భార్య తనవంతు సాయం చేద్దామనుకుంది. జిడ్డు వస్తువు పరాయివాళ్ల చేతికివ్వడం ఆమె ఇంటావంటా లేదు. ఇనుప పీచు తీసుకుని పళ్లేన్ని తళతళా తోమింది. జిడ్డు పోయింది, దాంతోపాటే గుర్రమూ పోయింది.

"ఇది వంటింట్లోకి పనికొస్తుందండీ" అని కొనే ఆయన పళ్లేన్ని పక్కన పెట్టి, మిగతావన్నీ పట్టుకెళ్లాడు.

ఆమె గుమ్మంలోనే కూలబడింది. "ఇన్నేళ్లూ ఆడిపోసుకున్నాను. చివరికి నా చేతులతోనే చంపేశాను."

బాబాయికి మాత్రం గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇక ఆ పళ్లేన్ని ఎవరూ అడగరు.

"చావడమేమిటే? గీత దాటిన గుర్రం అక్కడే నిలబడుతుందా? వెళ్లిపోయుంటుంది. లే, టీ పెట్టు. గ్లాసులు ఇందులోనే పెట్టుకురా."

ముట్టుకోవద్దన్న పళ్లేన్ని ఆమె రెండు చేతులా పట్టుకొచ్చింది. ఆయన చేతులు వణుకుతున్నాయని, తాగినంతసేపూ దాన్ని ఆయన గ్లాసు కింద తనే పట్టుకుని కూర్చుంది.