కాకి ముట్టని ముద్ద

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. ఇంటి వెనక మోరీకి అడ్డం పడ్డ ఆకులు తీసి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. చాలా ఏళ్లుగా రాయాలనుకుంటున్న సంగతి ఒకటి ఉంది... ఇవాళ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... అరవైలలో... చలికాలం వచ్చిందంటే చెరకు బండ్లు కాలువ గట్టు మీద వరుస కట్టేవి. మా ఊరు బోధన్‌కు ఆరు మైళ్లు. నిజాంసాగర్ కాలువ ఊరి వెనక నుంచే పోయేది. మా అన్న భూమన్నకు పందొమ్మిదేళ్లు. పక్కింటి చాంద్‌బీ కొడుకు ఖాజాకూ అంతే. బండి మాది, ఎడ్లు వాళ్లవి. ఇద్దరూ కలిసే ఫ్యాక్టరీకి చెరకు తోలేవారు.

ఒక పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. తూము దగ్గరి మలుపులో ఎద్దు కాలు జారింది... బండి కాలువలో పడింది. కాడి విరిగి ఎడ్లు బయటికొచ్చాయి. వీళ్లిద్దరూ రాలేదు. మధ్యాహ్నానికి తూము తలుపుల దగ్గర దొరికారు. నన్నూ అవ్వనూ అక్కడికి పోనివ్వలేదు. అవ్వ అంటే మాకు అమ్మే. బాపు అంతకు ముందే పోయాడు.

ఖాజాను ఆ సాయంత్రమే మట్టి చేశారు. నీళ్లలో మునిగి పోయినవాడు షహీద్, అంటే అమరుడనీ, నేరుగా జన్నత్‌కే, స్వర్గానికే పోతాడనీ మసీదు మౌల్సాబ్ చెప్పాడట. చాంద్‌బీ ఏడ్చింది గానీ ఆ మాట పట్టుకుని లేచి నిలబడింది.

మా ఇంట్లో మూడో రోజు పిట్టకు పెట్టారు. ఆకులో అన్నం పెట్టి దూరంగా నిలబడాలి... కాకి వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి అయినట్టు. పొద్దెక్కేదాకా చూశాం. కాకి రాలేదు.

పిట్టకు పెట్టించిన అయ్యగారు తల ఊపాడు. "ఆయుష్షు తీరకుంటనే పోయిండు. రాసిపెట్టినన్ని ఏండ్లు ఆ నీళ్లకాడ్నే తిరుగుతడు."

"ఎన్ని రాసున్నయి అయ్యగారూ?" అని అవ్వ అడిగింది.

"గది ఎవలకెరుక లచ్చవ్వా."

ఆ మర్నాటి నుంచి అవ్వ రోజూ ఒక ముద్ద ఆకులో చుట్టి నా చేతికిచ్చేది. బడికి పోతూ తూము మీద పెట్టాలి... కాకి ముట్టిందో లేదో చూసి వచ్చి చెప్పాలి. కాకి ముట్టిన నాడే తాను కడుపునిండా తింటానంది. అప్పటిదాకా ఒక పూట జొన్న గట్క జావలా తాగి ఉండేది.

నాకు పదేళ్లు. బడిలో పోరగాళ్లు ఊరుకునేవారు కాదు. "నీ అన్న తూము మీద కూసొని బీడీ అడుగుతున్నడట గదరా... నీకు కనవడలేదా?" అనేవారు. ఖాజా కనబడ్డాడని మాత్రం ఎవరూ అనలేదు. ఒకే బండి, ఒకే నీళ్లు... దయ్యమైంది మా అన్న ఒక్కడే.

నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన అన్నకు నేను భయపడ్డాను. తూము దాకా పోయేవాణ్ణి కాదు. ఇవతల తుమ్మచెట్టు కింద ముద్ద పెట్టేసి పొలాలకు అడ్డంపడి పరుగెత్తేవాణ్ణి. సాయంత్రం అవ్వ అడిగితే "ముట్టలే" అనేవాణ్ణి. చూడకుండా ముట్టిందని చెప్పడం పాపమనిపించింది... ముట్టలేదనడం కూడా చూడకుండా చెప్పిన మాటేనని అప్పుడు తట్టలేదు. అలా ఇరవై రోజులకు పైనే గడిచాయి. అవ్వ ఎముకల గూడు అయింది.

ఒక మధ్యాహ్నం చాంద్‌బీ జొన్నరొట్టె తెచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ దాన్ని పక్కకు జరిపింది.

"నీకేమే చాంద్‌బీ... నీ కొడుకు పోంగనే సర్గం జేరిండు. నా కొడుకు కాలువల కూసున్నడు. నువ్వు తింటవు తియ్యి."

చాంద్‌బీ కోపం చేసుకోలేదు. కింద కూర్చుంది.

"నువ్వు సూడలే లచ్చవ్వా... నేను సూసిన. మీవోడు మావోని అంగి పట్టుకొని ఉండె. నలుగురు గూడి చేతి ఏళ్లు ఇడిపిచ్చిండ్రు. ఇడిపిచ్చింది మనం... వాడు ఇడ్వలే. గంత గట్టిగ పట్టుకున్నోడు, మావోడు పైకి పోతుంటే తూముకాడ ఎట్ల ఆగుతడు?"

అవ్వ అడిగింది...

"ఆడ అందరు ఉర్దూల మాట్లాడుతరు గావచ్చు. మావోనికి సమజైతదా?"

"మావోనికే సక్కగ రాదు. దానికే గద మౌల్సాబ్ రోజు కొట్టేటోడు. ఇద్దరు తెలుగుల్నే మాట్లాడుకుంటరు తియ్యి."

అవ్వ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రొట్టె తుంచుకుని తిన్నది. తూముకు ముద్ద పంపడం ఆ రోజుతో ఆపేసింది.

అయ్యగారు తన మాట మార్చుకోలేదు. ఊళ్లోవాళ్లు ఆ మలుపులో చాలా ఏళ్లు దండం పెట్టుకునే దాటారు. ఎవరి మాట నిజమో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అవ్వ రొట్టె తిన్న మర్నాడు నేను పొలాల దారి పట్టలేదు. తూము మీదికే పోయాను. భయం వేయలేదు. కింద నీళ్ల చప్పుడు... అంతే. కాసేపు నిలబడి చూశాను. అన్న లేడు. దయ్యమైనా సరే, అప్పటిదాకా మాకు అరమైలు దూరంలో ఉన్నాడు... ఇప్పుడు నిజంగానే పోయాడు. అన్న పోయిన రోజు ఏడవని నేను, అక్కడ కూర్చుని ఏడ్చాను. బడికి పోలేదు.

తుమ్మచెట్టు సంగతి అవ్వకు ఎన్నడూ చెప్పలేదు.

ఈ రోజుల్లో ప్రమాదం వార్త కింద వందమంది రెండు మాటలు రాసి ముందుకు పోతారు. నేనూ రాస్తాను. పోయినవాళ్లు ఎటు పోయారని పక్కింటికి రొట్టె తీసుకెళ్లి మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేదు... మీ ఇళ్లలో అట్లా అర్ధాంతరంగా పోయినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఎక్కడున్నారని మీ అవ్వలు చెప్పేవారో... రాయండి, చదువుతాను.